గీసినా, తీసినా... పక్కన నాలుగు మాటలు

పోయిన సంచికలో ఒక చిన్న పని అప్పగించాను. రోజుకి పది నిమిషాలు, ఇంట్లోనో వీధిలోనో కళ్ళముందు ఉన్నదాన్ని గీయండి, గీయడం కుదరని రోజు జేబులో ఉన్న ఫోన్‌తో ఒకే ఒక్క ఫోటో తీయండి అని. ఈ నెల ఉత్తరాలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. నేను హైస్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రాయింగ్ టీచర్‌గా చేశాను. మా నాన్నగారిది రాజమండ్రిలో ఫోటో స్టూడియో. గీతా నాదే, ఫోటో కూడా నాదే. అందుకని ఈసారి వేరే విషయాలు పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

*మేడమ్, మా పాప పుట్టినప్పటినుంచి తీసిన ఫోటోలు నా ఫోన్లో ముప్పై వేలు దాటాయి. తిరిగి చూసింది లేదు. ఫోటోలో అంతా ఉంటుంది కదా, ఇప్పుడు కొత్తగా బొమ్మలు గీసి ఏం లాభం?*
*— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మణికొండ, హైదరాబాద్*

ఫోటోలో అంతా ఉంటుంది బాబూ. అందుకే తిరిగి చూడబుద్ధి కాదు. అందులో మీరు ఎంచుకున్నది ఏదీ ఉండదు.

మా నాన్నగారి స్టూడియోలో ఒక రీటచింగ్ బల్ల ఉండేది. ఏటవాలు చెక్క, మధ్యలో గాజు పలక, దాని కింద అద్దం. కిటికీ వెలుతురు అద్దం మీద పడి గాజులోంచి పైకి వచ్చేది. గాజు మీద నెగెటివ్ పెట్టి, గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిల్‌తో నాన్న ముఖం మీది మచ్చలు, కళ్ళ కింది నల్లటి చారలు నింపేవారు. నెగెటివ్ మీద పెన్సిల్ పడినచోట ప్రింటులో తెల్లబడుతుంది. ఒక పెళ్ళికూతురి ముఖానికి గంట పట్టేది. ఎప్పుడో పదేళ్ళ తర్వాత మెయిన్ రోడ్డులో ఆవిడ ఎదురుపడితే, ఆవిడ దాటిపోయాక నాతో, "ఎడమ కనుబొమలో చిన్న గాటుంటుంది, చూశావా?" అనేవారు. ఆ ఫోటో తీయడానికి పట్టింది రెప్పపాటు. గాటు గుర్తుండిపోయింది మాత్రం పెన్సిల్ పట్టుకుని కూర్చున్న గంట వల్ల.

ఇంకో సంగతి చెప్తాను. కొన్ని వేలమందికి ఫోటోలు తీసిన మనిషికి తన స్టూడియో ఫోటో ఒక్కటి కూడా లేదు. "మన కొట్టుకి ఫిల్ము దండగ ఎందుకమ్మా" అనేవారు. తర్వాత రోడ్డు వెడల్పులో ఆ వరసంతా కొట్టేశారు. ఇంటర్ చదివేటప్పుడు నేను ఫిజిక్స్ రికార్డు వెనక పేజీలో ఆ రీటచింగ్ బల్లని గీశాను. కోణాలు సరిగ్గా కుదరలేదు. కానీ బొమ్మ చుట్టూ రాసుకున్నాను: "హైపో వాసన. నాన్న ఎడమ మోచెయ్యి కింద మడతపెట్టిన తువ్వాలు. పెన్సిళ్ళు ఆరు. రేడియోలో ప్రాంతీయ వార్తలు. నాన్న ఊపిరి బిగబట్టి గీస్తారు, గీత అయ్యాక వదులుతారు." (హైపో అంటే ఫోటోలు కడిగే మందు.) ఇవాళ ఆ స్టూడియోలో మిగిలింది ఆ ఒక్క కాగితమే. ఊపిరి బిగబట్టడం ఏ కెమెరాకి దొరుకుతుంది చెప్పండి?

గాంధీగారి అంత్యక్రియల ఫోటోలు తీసిన హెన్రీ కార్టియర్ బ్రెసాన్ మొదట చిత్రలేఖనమే నేర్చుకున్నారు. ఆ తర్వాత చేతిలో ఇమిడే లైకా కెమెరాతో ప్రపంచమంతా తిరిగారు. 1970లలో మళ్ళీ పెన్సిల్ దగ్గరికే వచ్చి చివరిదాకా గీస్తూ ఉన్నారు. కాబట్టి ఈ రెండింటికీ తగువు పెట్టకండి.

ముప్పై వేల ఫోటోల సంగతి ఇప్పుడు వదిలేయండి. ఈ ఆదివారం మధ్యాహ్నం పాప నిద్రపోయాక పక్కన కూర్చుని గీయండి. ఫోటో చూసి కాదు, పాపని చూసి. గుప్పిట మూసిందా తెరిచిందా, ఏ కాలు దుప్పటి బయట ఉంది, ఇవి చాలు. ముఖం రాకపోతే రానివ్వండి. కింద తేదీ వేసి, ఆ రోజు పాప కొత్తగా అన్న మాట ఏదైనా ఉంటే అది రాయండి. పిల్లలు మాటల్ని తప్పుగా పలికేది కొన్నాళ్ళే. ఫోటోలో అది రాదు.

*మా అమ్మ ఇరవై ఏళ్ళుగా బీడీలు చేస్తోంది. ఆమె పనిని గీయాలని ఉంది. చేతులు ఎంత వేగంగా కదులుతాయంటే నా పెన్సిల్ అందుకోలేదు. ఫోటో తీద్దామంటే "ఏం ఫోటో బిడ్డా, ఈ చీరల వద్దు" అంటుంది.*
*— డిగ్రీ విద్యార్థి, నిజామాబాద్ జిల్లా*

నాయనా, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది నీదే.

చేతులతో మొదలుపెట్టకు. కదలనివాటితో మొదలుపెట్టు. ఒళ్ళో చాట కదలదు. వంగిన వీపు కదలదు. మడిచిన మోకాలు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు, దారపు ఉండ, వీటన్నిటికీ నీకు కావలసినంత టైం ఉంది. మెడ నుంచి నడుం దాకా వీపు వంపుని ఒకే గీతలో లాగు. ఇరవై ఏళ్ళ పని ఆ వంపులో ఉంటుంది. అది సరిగ్గా పడితే సగం బొమ్మ వచ్చినట్టే.

ఇక చేతులు. పని చేసేవాళ్ళని గీయడంలో ఒక సౌకర్యం ఉంది: వాళ్ళు వెళ్ళిన చోటికే మళ్ళీ మళ్ళీ వస్తారు. బీడీ చుట్టే చెయ్యి కొన్ని క్షణాలకొకసారి అదే చోటికి, అదే వంపులోకి తిరిగొస్తుంది. ఒక పేజీలో ఐదారు గళ్ళు గీసుకో. మొదటి గడిలో ఆకుని అచ్చు పెట్టి కత్తిరించడం, తర్వాత దాంట్లో తంబాకు పరవడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం, చివరికి కట్టలు. ఒక గడిలో రెండు గీతలు గీసేలోపు చెయ్యి వెళ్ళిపోతే రెండో గడికి వెళ్ళు. మళ్ళీ ఆ భంగిమ వచ్చినప్పుడు మొదటి గడికి తిరిగి రా. గంటలో ఆరు గళ్ళూ వాటంతటవే నిండుతాయి. దోసెలు పోసేవాళ్ళని, పూలు కట్టేవాళ్ళని, ఇస్త్రీ చేసేవాళ్ళని నా పిల్లల చేత ఇలాగే గీయించేదాన్ని.

ప్రతి గడి కింద ఆ పనిని మీ అమ్మ ఏమంటుందో ఆ మాటే రాయి. నేనిక్కడ రాసిన మాటలు బయటినుంచి చూసేవాళ్ళవి. అమ్మ నోట వచ్చే మాట వేరే ఉంటుంది. పక్కింటి ఆమె ఇంకోలా అంటుందేమో, అదీ రాసుకో. వెయ్యి బీడీలకి ఇవాళ కార్ఖానాలో ఎంత ఇస్తున్నారో, అమ్మ మొదలుపెట్టినప్పుడు ఎంత ఇచ్చేవాళ్ళో అడిగి పేజీ మూలన వెయ్యి. నిఘంటువుల్లో వెతికినా దొరకని సంగతులు నీ నోట్‌బుక్కులో ఉంటాయి.

ఫోటో సంగతి: అమ్మ వద్దంది కాబట్టి ముఖం తీయకు. "చేతులు మాత్రం తీస్తానే అమ్మా" అని అడుగు. తీశాక వెంటనే చూపించు. తన చేతులు అలా ఉంటాయని చాలామంది ఆడవాళ్ళు చూసుకుని ఉండరు. తర్వాత ఒకరోజు ఆవిడే నచ్చిన చీర కట్టుకుని కూర్చుంటుంది, అప్పుడు తియ్యి. పాత చీరతో తీస్తేనే సహజంగా ఉంటుందని నువ్వు అనుకోవచ్చు. కానీ తను ఎలా కనబడాలో చెప్పే హక్కు ఆవిడది. ఒక ఇరవై సెకన్ల వీడియో కూడా తీసి ఉంచుకో. చిత్రం కోసం కాదు, కత్తెర చప్పుడు కోసం.

*ఏ పెన్సిల్, ఏ పుస్తకం, ఏ పెన్ను కొనాలి? యూట్యూబ్‌లో చూస్తే వేలల్లో ఖర్చు కనిపిస్తోంది.*
*— గృహిణి, అనకాపల్లి*

ఏమీ కొనకండమ్మా. జనవరిలో కొట్టువాళ్ళో బ్యాంకువాళ్ళో ఇచ్చిన డైరీ ఇంట్లో పడి ఉంటుంది. తేదీలు ముందే అచ్చువేసి ఉంటాయి, అదో లాభం. కాగితం పల్చన కాబట్టి ఒకవైపే గీయండి. 2బి పెన్సిల్ ఒకటి చాలు. ఎరేజర్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. తప్పు గీత పక్కనే సరైన గీత గీస్తే రెండూ ఉంటాయి, చెయ్యి ఎలా వెతుక్కుందో తెలుస్తుంది.

బాల్ పెన్నుతో హాయిగా గీయొచ్చు, కానీ ఎండ తగిలే గోడకి ఆ బొమ్మని తగిలించకండి. ఆ సిరా వెలిసిపోతుంది. ఫౌంటెన్ పెన్ను ఉంటే ఇంకా మంచిది. గీశాక తడివేలితో గీత మీద రుద్దితే సిరా కరిగి నీడలా పరుచుకుంటుంది. మా ఊరి రత్నం పెన్నుతో నేను నలభై ఏళ్ళుగా గీస్తున్నాను. నాన్న కొనిచ్చారు. ఒక్కటే జాగ్రత్త: డ్రాయింగ్‌కి అమ్మే నల్లటి ఇండియన్ ఇంకు ఫౌంటెన్ పెన్నులో పోస్తే లోపల గట్టిపడి పెన్ను పాడవుతుంది. అది ముంచి గీసే పాళీలకే.

శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ పోస్టుకార్డుల మీద బొమ్మలు వేసి శిష్యులకి పంపేవారు. అంత పెద్ద చిత్రకారుడికి కార్డుముక్క సరిపోయింది.

*గాజువాక నుంచి రోజూ ఆర్టీసీ బస్సులో కాలేజీకి వెళ్తాను. బస్సులో మనుషుల్ని గీయాలనిపిస్తుంది కానీ ఎవరైనా చూస్తారేమోనని టెన్షన్. ఫోన్‌తో తీస్తే ఎవరికీ తెలియదు కదా, అలా తీసి ఇంటికెళ్ళి గీయొచ్చా?*
*— ఇంజనీరింగ్ విద్యార్థిని, విశాఖపట్నం*

వద్దమ్మా. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే ఉంటాను. తెలియకుండా తీయొచ్చు అనే మాటలోనే తప్పు ఉంది. నిద్రపోతున్న మనిషిని, బిడ్డకి పాలిస్తున్న తల్లిని, అలసిపోయి నోరు తెరుచుకుని కూర్చున్న ముసలాయన్ని ఫోన్‌తో తీయకు. ఆ ఫోటో నీ చేతిలోంచి ఎవరి చేతిలోకైనా వెళ్ళొచ్చు, అందులో ఆ మనిషిని ఎవరైనా గుర్తుపట్టొచ్చు. పెన్సిల్‌తో గీసేటప్పుడు మాత్రం నువ్వు ఐదు నిమిషాలు బహిరంగంగా కూర్చుంటావు. వాళ్ళు నిన్ను చూడొచ్చు, అడగొచ్చు, వద్దనొచ్చు. వాళ్ళు వద్దంటే పుస్తకం మూసేయి.

భయం పోవడానికి వీపులతో మొదలుపెట్టు. బస్సులో నీకు రోజూ కనిపించేవి అవే: జడలు, జడలో పూలు, చలికాలం మఫ్లర్లు, కమ్మీ పట్టుకున్న చేతులు, కండక్టర్ భుజాన సంచీ. తలకాయ కంటే ముందు భుజాల వాలు గీయి. మనిషి అలసిపోయాడా, ఎవరికోసమైనా చూస్తున్నాడా అన్నది భుజాల్లోనే తెలిసిపోతుంది. బస్సు కుదుపులకి గీత వణికితే వణకనీ. నువ్వు గీస్తున్న మనిషి దిగిపోతే అక్కడే ఆపేయి, ఊహించి పూర్తిచేయకు. సగం గీసిన వీపు కింద "పాత గాజువాకలో దిగిపోయాడు" అని రాస్తే అదే పూర్తి బొమ్మ.

చూస్తారేమో అంటున్నావు. చూస్తారు. నేను విజయవాడ ప్యాసింజర్‌లో ఎదురుగా కూర్చున్న పెద్దాయన్ని గీస్తుంటే పక్కనున్న కుర్రాడు తొంగిచూసి, "మా తాత ముక్కు అంత పెద్దది కాదండీ" అన్నాడు. తాత పుస్తకం తీసుకుని చూసి, "కాదేంట్రా, అంతే ఉంటుంది" అన్నాడు. నిడదవోలు నుంచి ఏలూరు దాకా ఆయన తన ఊరు, పొలం, పొగాకు ఆరబెట్టే బేరన్ కబుర్లు చెప్పాడు. అవన్నీ ఆ ముక్కు చుట్టూ రాసుకున్నాను.

ఒంటరిగా జంకు అయితే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. 2007లో సియాటిల్‌లో పత్రికకి బొమ్మలు వేసే గాబ్రియేల్ కాంపనారియో అనే ఆయన, ఉన్నచోటే కూర్చుని, కంటితో చూసి గీసేవాళ్ళందరినీ ఒకచోటికి చేర్చారు. ఇప్పుడు అర్బన్ స్కెచర్స్ పేరుతో ఎన్నో దేశాల్లో అలా గుంపులుగా కూర్చుని గీస్తున్నారు. మీ కాంప్లెక్స్ బస్టాండులో నలుగురు ఆడపిల్లలు బెంచీ మీద కూర్చుని గీస్తుంటే ఎవరూ ఏమీ అనరు. మహా అయితే చుట్టూ చేరతారు.

ఎప్పుడైనా రాజమండ్రి వస్తే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళు. చిత్రకారుడైన ఆయన 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే మశూచితో పోయారు. మా ఊరి కాలేజీలో ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ఆయన చేతిలోని కళని గుర్తుపట్టి ప్రోత్సహించారు. నేను ప్రతి ఏడాదీ తొమ్మిదో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళేదాన్ని. రంగుల చిత్రాల ముందు అందరూ ఆగుతారు. నువ్వు మాత్రం మనుషులు నిలబడిన తీరు దగ్గర ఆగు.

*మా వంటింట్లో ఫోటోలు తీస్తే అన్నీ పచ్చగా, మసగ్గా వస్తాయి. ఫోన్ ఖరీదైంది కాదు. అత్తయ్యగారు ఆవకాయ కలిపేది తీయాలని ఉంది.*
*— భీమవరం నుంచి ఒక కోడలు*

ముందు కెమెరా గాజుని మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. నవ్వకండి, వంటింటి ఫోన్లకి సగం మసక నూనె వేళ్ళదే. రెండోది, పగలు తీయండి, లైటు ఆర్పేయండి. కిటికీ వెలుతురూ బల్బు వెలుతురూ కలిస్తే రంగులు చెడతాయి. బేసిన్ కిటికీ దగ్గరికి జరపండి. మీరు కిటికీకి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడితే వెలుతురు ఒక పక్కనుంచి పడి కారం ఎరుపు, నూనె మెరుపు, ముక్కల అంచులు విడివిడిగా కనిపిస్తాయి. తెరమీద అత్తయ్యగారి చేతి దగ్గర వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగండి. తెల్లగా వెలిసిపోకుండా ఉంటుంది. జూమ్ వాడకండి, నాలుగడుగులు ముందుకి వేయండి. కానీ ముఖం తీసేటప్పుడు మాత్రం మరీ దగ్గరికి వెళ్ళకండి, ఫోన్ కెమెరాకి ముక్కు పెద్దదిగా వస్తుంది. ఆవిడ పీట మీద కూర్చుంటే మీరూ కింద కూర్చోండి. నిలబడి తీస్తే నడినెత్తి తప్ప ఏమీ రాదు.

ఆవకాయ కలిపేటప్పుడు కాయలు ఎన్ని, ఏ చెట్టువి, ఉప్పు ఏ గిన్నెతో కొలిచారు, గిన్నె గుండుగా నింపారా తలగొట్టి పోశారా, ఇవన్నీ ఫోటో వెనకో కాగితం మీదో రాయండి. వీలైతే ఆ గిన్నెని దాని అసలు కొలతతో కాగితం మీద బోర్లించి చుట్టూ గీత గీసి, లోతు ఎంతో పక్కన రాయండి. మీ అమ్మాయికి రేపు ఆ గీతే కొలత.

ఇంకొకటి. మీ వంటింటి క్యాలెండర్ మీద పాల లెక్కలు, గ్యాస్ బండ మార్చిన తేదీ, చీటీ కట్టిన రోజు రాసుంటాయి కదా. ఏటా డిసెంబరు ఆఖర్లో దాన్ని పారేసేముందు పన్నెండు పేజీలూ ఫోటో తీయండి. మీ ఇంటి దినచర్య దానికంటే నిజాయితీగా ఎక్కడా రాసి ఉండదు.

*మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న పోయాక ఇల్లు అమ్మేస్తున్నాం. నాకు పది రోజుల సెలవు దొరికింది. ఆ ఇంటిని ఎలా దాచుకోవాలి? మంచి కెమెరా కొనుక్కుని రావాలా?*
*— డాలస్, అమెరికా*

కెమెరా కొనకండి. కొత్త కెమెరా నేర్చుకోవడంలోనే నాలుగు రోజులు పోతాయి. మీ జేబులో ఉన్న ఫోన్ చాలు.

నేను చేసిన ఒక పొరపాటు చెప్తాను. మా గోదావరి మీద పాత హేవలాక్ వంతెన, 1900లో దానిమీద రైళ్ళు మొదలయ్యాయి, స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒకటి చొప్పున 56 స్పాన్లు. 1997లో దానిమీద రైళ్ళు ఆగిపోతాయని తెలిసి, యాషికా కెమెరాలో 36 ఫోటోల రీలు వేసుకుని వారం రోజులు గట్టు మీద తిరిగాను. రీలంతా వంతెనే. సూర్యాస్తమయంలో వంతెన, పడవ వెనక వంతెన. బాగానే వచ్చాయి. కానీ అలాంటి ఫోటోలు అప్పటికే ఎందరి దగ్గరో ఉన్నాయి. ఆ వంతెన అంటే నాకు నిజంగా గుర్తొచ్చేది వేరు. రైలు దానిమీదికి ఎక్కగానే చప్పుడు మారేది, పెట్టెలో అందరూ మాటలాపి కిటికీల వైపు తిరిగేవాళ్ళు, మా అమ్మ కొంగు ముడి విప్పి నాణెం తీసి, నుదుటికి అద్దుకుని, గోదారమ్మకి విసిరేది. ఆ చెయ్యిని నేను గీయలేదు, తీయలేదు. రైలెక్కి ఒక్కసారి అవతలి ఒడ్డుకి వెళ్ళొస్తే దొరికేది. వారమంతా బయట గట్టు మీదే నిలబడ్డాను.

మీరు ఇంటి బయట నిలబడకండి. ముఖద్వారం ఫోటో ఒకటి చాలు. లోపలికి వెళ్ళి, ఎవరు ఎక్కడ కూర్చునేవాళ్ళో అక్కడ కూర్చోండి. నాన్నగారు పేపరు చదివిన అరుగు మీద కూర్చుంటే ఏం కనిపిస్తుంది? అమ్మ బియ్యం ఏరుకునే చోటినుంచి ఏం కనిపిస్తుంది? ఆ ఎత్తులో, ఆ దిక్కులో ఫోటో తీయండి. మీరు చిన్నప్పుడు జ్వరంతో పడుకున్న మంచం చోట వెల్లకిలా పడుకుని పైకి తీయండి. దూలాలు, వాసాలు, ఏ పెంకు సందులోంచి ఎండ పడేదో మీకు గుర్తొస్తుంది. ఒకే చోటినుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తీయండి, నీడ ఎటు నడిచిందో తెలుస్తుంది.

ఒక రోజు మొత్తం ఇంటి ప్లానుకి ఇవ్వండి. టేపు పట్టుకుని అడుగులు కొలిచి, కాగితం మీద గదులు గీయండి. అందులో తలుపులు, కిటికీలతోపాటు మేకులు కూడా గుర్తుపెట్టండి. ఏ మేకుకి క్యాలెండర్, దేనికి నాన్నగారి చొక్కా, దేనికి గొడుగు. దండెం ఎక్కడినుంచి ఎక్కడికి, దేవుడి గూడు ఎంత ఎత్తు, గుమ్మం మీద పిల్లల ఎత్తుల గీతలు ఎవరివి. ఇదంతా ఫోటోల్లో చెల్లాచెదురుగా ఉంటుంది. ప్లానులో ఒకచోటికి చేరుతుంది. అమ్మగారు ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతూ గీయండి. "అక్కడ కాదురా, అవతల గోడకి" అని దిద్దుతారు. ఆ దిద్దుబాట్లు చెరపకుండా ఉంచండి.

రుద్ది తీసుకోగలిగినవి కూడా ఉంటాయి. బంగళా పెంకు తిరగేస్తే తయారుచేసిన కంపెనీ పేరు అచ్చులో ఉబ్బెత్తుగా ఉంటుంది. పల్చటి కాగితం పరిచి మెత్తటి పెన్సిల్ పక్కవాటుగా రుద్దితే పేరు దిగుతుంది. ద్వారబంధం చెక్కడం, ఇత్తడి బిందె మీద పేర్లు, రోలు మీది గాట్లు ఇలాగే దించుకోండి. అది వస్తువుకి ఆనుకుని పుట్టిన బొమ్మ, కొలత మారదు. చుట్టి సూట్‌కేసులో పెట్టుకోవచ్చు.

పదో రోజు ఏ పనీ పెట్టుకోకండి. అరుగు మీద కూర్చోండి. వచ్చినవాళ్ళతో మాట్లాడండి.

*పాత ఫోన్ పాడై ఆరేళ్ళ ఫోటోలు పోయాయి. ఇకముందు ఎలా జాగ్రత్తపడాలి?*
*— విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ*

అయ్యో, చాలా కష్టమనిపించింది సార్. ఇకనుంచి ఒకే చోట ఉంచకండి. ఫోన్లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, ఇంటర్నెట్‌లో ఒకటి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. అన్నిటికంటే ముఖ్యంగా, నెలకి ఒక ఫోటో చొప్పున ఏడాదికి పన్నెండు ప్రింట్లు వేయించండి. వెనకవైపు అంచున పర్మనెంట్ మార్కర్‌తో తేదీ, ఊరు, మనుషుల పేర్లు, వరసలు రాయండి. బాల్ పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపు గాడి పడుతుంది. జిగురు పేజీల ఆల్బమ్‌లు వద్దు, కొన్నేళ్ళకి ఫోటో ఊడి రాదు. మూలలు దూర్చేవి కొనండి. ఫ్రేములో పాత ఫోటో గాజుకి అతుక్కుపోయి ఉంటే లాగకండి, గాజుతో సహా ఫోటో తీసి కాపీ దాచుకోండి.

*టీచర్‌గారూ, నేను తొమ్మిదో తరగతి. నా బొమ్మ చూసి క్లాసులో అందరి ముందు నవ్వారు. నాకు బొమ్మలు రావేమో. అయినా గీయొచ్చా?*
*— ఒక అమ్మాయి, కర్నూలు జిల్లా*

గీయొచ్చు తల్లీ. నవ్వినవాళ్ళది తప్పు, నీది కాదు. ముప్పై ఏళ్ళలో నేను ఏ పిల్ల బొమ్మ చూసీ నవ్వలేదు, ఎందుకంటే ప్రతి బొమ్మలోనూ ఆ పిల్ల చూసింది ఏదో ఒకటి ఉంటుంది. చెయ్యి మెల్లగా కంటిని అందుకుంటుంది. అందుకు ఒక సాధన చెప్తాను. కాగితం వైపు అసలు చూడకుండా, వస్తువు అంచు మీద చీమ పాకుతున్నట్టు నీ కన్ను నడుపు. కన్ను నడిచినంత మెల్లగానే పెన్సిల్ కూడా నడవాలి. బొమ్మ వంకరగా వస్తుంది, ఈ సాధనలో అందరికీ అలాగే వస్తుంది. వారం రోజులు రోజుకొకటి చేయి.

ఇవాళ సాయంత్రం చీకటి పడి అందరూ ఇంటికి చేరాక, గుమ్మం ముందు విడిచిన చెప్పులు గీయి. ఎన్ని జతలుంటే అన్నీ. ఎవరిది ఏ మడమ దగ్గర అరిగిందో చూడు, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి ఉంటే అదీ గీయి. ఒక్కో జత పక్కన ఎవరిదో, ఆ మనిషి ఇవాళ ఎక్కడెక్కడ తిరిగొచ్చారో అడిగి రాయి. కింద తేదీ వేసి ఫోటో తీసి నాకు పంపు. నీ పేరు లేకుండా వచ్చే సంచికలో ఈ పేజీ మీద వేస్తాను.